రేవు మూసిన రాజు

అనగనగా ఏటికి అవతల ఒక పెద్ద రాజ్యం, ఇవతల ఒక బుల్లి రాజ్యం. పెద్ద రాజ్యపు పిల్ల నాంచారిని ఇవతలి ఊరికి కోడలిగా ఇచ్చారు. ఊరంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. ఊ కొడుతున్నారా?

ఇంతలో పెద్ద రాజుకి ఎవరితోనో యుద్ధమొచ్చింది. మీ సైన్యాన్నీ పంపమని బుల్లి రాజుని అడిగాడు. వాళ్ళు మాకేం అపకారం చేశారని, మేం రామన్నాడు ఈయన. పెద్ద రాజుకి కోపమొచ్చి రేవు మూయించాడు. ఉప్పు రాదు, మందు రాదు, పుట్టింటికెళ్ళే దారి లేదు.

అలా చేసినవాడు ఊరుకున్నాడా? తన పుట్టినరోజని సొంత పడవలో లడ్డూలు పంపాడు, మా రాజు చల్లని రాజని డప్పు వేయించాడు. ఒక్కరూ ముట్టుకోలేదర్రా! నెయ్యి తగ్గిందన్నాడు మంత్రి. నెయ్యి పోసి పంపారు, తిరిగొచ్చాయి. డప్పు చాల్లేదన్నాడు. డప్పులు పెంచారు, జనం తలుపులేసుకున్నారు.

ఇక్కడ నాంచారి నూతి దగ్గరికెళితే మాటలు ఆగిపోయేవి. ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల్లో వేసే వేడుకకి పిలిస్తే ఒక్క ముత్తయిదువా రాలేదు. నేనేం చేశాను అత్తా అని ఏడ్చింది.

"నువ్వేం చేశావే! మీ రాజు మీద మంట, నీకు తగులుతోంది" అంది అత్త.

అక్కడ రాజుకి ఒకటే ఆరాటం, నేనంటే వీళ్ళకెందుకు పడదని. మామూలు బట్టలు కట్టుకుని డప్పులవాళ్ళలో కలిసి ఏరు దాటాడు. దాహమేసి నాంచారి వాళ్ళ అరుగు మీదే కూర్చున్నాడు. అత్త మజ్జిగిచ్చింది.

"అవతలి రాజు ఎలాంటివాడవ్వా?"

"కఠినుడు నాయనా."

"నువ్వెప్పుడైనా చూశావా?"

"ఆయన్ని చూడ్డమెందుకు? మూసిన రేవు రోజూ చూస్తున్నాగా!"

గుమ్మంలో నాంచారి గుర్తుపట్టేసింది, చిన్నప్పుడు ఊరేగింపులో చూసిన మొహమేగా. చంటిదాన్ని ఎత్తుకొచ్చి, "మహారాజా, మా అమ్మ అవతలి గట్టునే ఉంది. మనవరాల్ని ఇంకా చూడలేదు" అంది.

రాజు మజ్జిగ పూర్తిగా తాగలేకపోయాడు. లేచి పడవెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రేవు తెరిచారు. మొదటి పడవలో నాంచారి అమ్మ దిగింది! ఊరంతా ఉయ్యాల దగ్గర చేరింది. తప్పు చేశామే తల్లీ అని నూతి దగ్గరి ఆడవాళ్ళు నాంచారిని కావలించుకున్నారు.

మరి రాజంటే ఇష్టమొచ్చిందా అంటారా? అంత తొందరగానా! మళ్ళీ మూస్తాడేమోనని చాన్నాళ్ళు రేవు వంక చూస్తూనే ఉన్నారు. ఆయన మూయలేదు. అప్పుడు మెల్లిగా, పరవాలేదు మంచివాడే అన్నారు. ఎదుటివాళ్ళు మనల్ని ఏమనుకుంటున్నారో తెలియాలంటే, మనం చేసిన పని వాళ్ళింట్లో ఏం చేసిందో వెళ్ళి చూడాలర్రా.

అమ్మమ్మా నాయనమ్మా పిల్లకి పేరు నే పెడతానంటే నే పెడతానని పోట్లాడుకుంటుండగా, కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లోకి దూరండి.