సూదికి చోటు వెతికిన నూకాలు

అనగనగా, ఏటికి ఈవలి గట్టున ఒక ఊరు. ఊఁ కొడుతూ వినాలి మరి, కొట్టకపోతే ఆపేస్తాను.

ఆ ఊళ్ళో గున్నమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. పచ్చబొట్లు పొడవడం ఆవిడ పని. పచ్చబొట్టంటే తెలుసుగా? మొన్న మీ పిన్ని టాటూ టాటూ అని నా ప్రాణం తీసిందే, అదే. అప్పట్లో మిషన్లు ఎక్కడివి? దీపం మసిలో ఆకు పసరు కలిపేవాళ్ళు. సూదులు కట్టగా కట్టి, అందులో ముంచి, చుక్క చుక్కగా పొడిచేవాళ్ళు. ఒకసారి పొడిస్తే ఇక అంతే. సున్నిపిండి పెట్టి రుద్దినా పోదు.

గున్నమ్మకి ఒక మనవరాలు ఉంది. పేరు నూకాలు. పదహారేళ్ళది. మసి నూరేది, పసరు తీసేది, పొడిపించుకునేవాళ్ళు ఏడవకుండా పాటలు పాడేది. సూది మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఒకరోజు కుమ్మరి వాళ్ళ పిల్ల బంగారి వాళ్ళమ్మని వెంటబెట్టుకుని వచ్చింది. పన్నెండేళ్ళది. ముంజేతి మీద తీగ పొడవమంది. గున్నమ్మ మొదలుపెట్టింది. సగంలో ఆవిడ చెయ్యి వణికింది. ఆపి మళ్ళీ పొడిచింది. మళ్ళీ వణికింది. తీగ కాస్తా జెర్రిలాగా వంకర్లు పోయింది. బంగారి చూసుకుని భోరుమంది. వాళ్ళమ్మ ఒక్క మాట కూడా అనకుండా పిల్లని లేవదీసుకుని వెళ్ళిపోయింది. తిట్టి వెళ్ళినా బాగుండేది.

అప్పుడు గున్నమ్మ సూదులన్నీ రేకు పెట్టెలో పెట్టి, పెట్టె అటకమీదికి ఎక్కించేసింది.

"ఇక నేను పొడవనే" అంది.

"నేను పొడుస్తాను మామ్మా" అంది నూకాలు.

"పొడుద్దువుగాని. ముందు నిన్ను నువ్వు పొడుచుకోవాలి. నొప్పెట్టని చెయ్యి ఇంకొకళ్ళ మీద పడకూడదు. ఎక్కడ పొడుచుకుంటావో నీ ఇష్టం. కానీ ఎందుకక్కడ అని అడుగుతాను. నీ జవాబు నాకు నచ్చితే పెట్టె దించుతాను. నచ్చకపోతే ఈ పని మనింట్లో ఇంతటితో సరి."

ఇంతేనా అనుకుంది నూకాలు. బొగ్గుముక్క తీసుకుని మోచేతి మీద ఒక చుక్క పెట్టి చూసుకుంది. బాగాలేదు. మణికట్టు మీద పెట్టింది. అక్కడా బాగాలేదు. బుగ్గ మీద, పాదం మీద, భుజం మీద. సాయంత్రానికి ఒంటినిండా మసి. ఇంత ఒళ్ళుందా నాకు అని ఆశ్చర్యపోయింది. నవ్వకు! రేపు నువ్వు పెట్టుకుని చూడు, తెలుస్తుంది.

ఆ తర్వాత, సరే, పొడిపించుకున్నవాళ్ళనే అడుగుదాం అని బయల్దేరింది.

ముందుగా చేపలమ్మే పోలమ్మ దగ్గరికి వెళ్ళింది. పోలమ్మకి గడ్డం మీద ఒక చుక్క ఉంది.

"గడ్డం మీదే ఎందుకు పోలమ్మత్తా?"

"నెత్తిన తట్ట ఉంటుంది కదే. రెండు చేతులూ తట్టనే పట్టుకుని ఉంటాయి. చేతిమీద ఉంటే ఎవరు చూస్తారు? ఇక్కడుంటే వీధి చివర్నుంచే ‘చుక్క పోలమ్మ వస్తోంది, కూర కుండ కడగండి’ అంటారు."

నూకాలుకి భలే నచ్చింది. ఇంటికి పరుగెత్తి, "గడ్డం మీద మామ్మా! అందరూ గుర్తుపడతారు" అంది.

"ఈ ఊళ్ళో నిన్ను గుర్తుపట్టనివాళ్ళు ఎవరే? అది పోలమ్మ జవాబు" అంది గున్నమ్మ. పెట్టె దించలేదు.

అప్పుడు నూకాలు వరినాట్లు వేసే చిన్నమ్మడి దగ్గరికి వెళ్ళింది. చిన్నమ్మడికి చీలమండ మీద చిన్న చేప బొమ్మ ఉంది. చిన్నమ్మడు మడిలోంచి గట్టెక్కి, కాలవలో కాళ్ళు పెట్టింది.

"పొద్దున మడిలో దిగితే మోకాళ్ళదాకా బురద. కాళ్ళున్నాయో లేవో కూడా తెలీదు. సాయంత్రం కడుక్కుంటే బురద పోయి చేప బయటికొస్తుంది. అమ్మయ్య, ఇవి నా కాళ్ళే అనుకుంటాను" అంది.

నూకాలుకి అదీ నచ్చింది. ఇంటికొచ్చి చీలమండ అంది.

"నువ్వు నీడపట్టున కూచుని మసి నూరేదానివి. నీ కాళ్ళకి బురదెక్కడిది? అది చిన్నమ్మడి జవాబు" అంది గున్నమ్మ.

ఆ తర్వాత నూకాలు గానుగ వాళ్ళ అప్పలనరసమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఒంటి మీద ఎక్కడా పచ్చబొట్టు కనబడలేదు.

"నీకు లేదా అత్తా?"

"ఉంది. ఎక్కడో చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

అప్పలనరసమ్మ అటూ ఇటూ చూసి మెల్లిగా చెప్పింది. "మా ఇంట్లో తొమ్మిదిమందిమి. నా చీర మా ఆడపడుచు కడుతుంది. నా పళ్ళెంలో మా మరిది తింటాడు. దువ్వెన అందరిదీ. నాదని ఒక్కటుండాలా వద్దా? అది ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు."

ఎక్కడుందని నన్నడక్కు, నాకూ తెలీదు.

ఆ రోజు నూకాలు పరుగెత్తలేదు. నిదానంగా నడుచుకుంటూ వచ్చింది. "ఎవరికీ కనబడని చోట పొడుచుకుంటాను మామ్మా" అంది.

"మనింట్లో ఉన్నదే ఇద్దరం. నా దగ్గర దాచుకునేదేం ఉందే నీకు? అది నరసమ్మ జవాబు. నీ జవాబేది?"

నూకాలుకి ఉక్రోషం వచ్చింది. బిందె తీసుకుని విసవిసా ఏటికి పోయింది.

ఏటి దగ్గర బంగారి ఉంది. గుడ్డలు ఉతుకుతోంది. నూకాలుని చూడగానే ముంజేయి పరికిణీలో దాచేసుకుంది.

"ఏదీ, చూడనీ" అంది నూకాలు. బంగారి చాలాసేపటికి చెయ్యి చాపింది. నూకాలు తన ఎడమచేత్తో ఆ చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇది బాగవుతుందా అక్కా?"

"అవుతుందే. ఈ వంపు దగ్గర ఒక ఆకు పెట్టొచ్చు. ఇక్కడ ఇంకో ఆకు, ఇక్కడ మొగ్గ. తీగంటే వంకరగానే కదా పాకుతుంది."

"కానీ నాకు భయం. పొడుస్తున్నంతసేపూ మీ మామ్మ చెయ్యే చూస్తూ కూచున్నా. ఈ చేతికి నొప్పంటే ఏంటో తెలుసా అనుకున్నా."

నూకాలు బంగారి చెయ్యి వదల్లేదు. దాన్ని పట్టుకున్న తన చేతి వంక చూస్తూ ఉండిపోయింది. అప్పుడు బిందె అక్కడే వదిలేసి ఇంటికి ఒకటే పరుగు.

"మామ్మా, పెట్టె దించు! ఎడమచెయ్యి. చేతి వెనక, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య."

"అక్కడ తోలు పల్చనే. ప్రాణం పోతుంది. ఎందుకక్కడ?"

"పొడిచేటప్పుడు ఎడమచేత్తోనే కదా వాళ్ళ చర్మం లాగి పట్టుకుంటాం. నొప్పెడుతుంటే వాళ్ళు ఆ చేతినే చూస్తారు. ఈ చెయ్యి కూడా ఏడ్చిందని వాళ్ళకి కనబడాలి."

గున్నమ్మ తన ఎడమచేతి వంక చూసుకుంది. ఆ రెండు వేళ్ళ మధ్యా ఏమీ లేదు. ఆవిడ తన మొదటి చుక్కలు మోకాలి మీద పొడుచుకుంది.

"ఇన్నేళ్ళూ నాకు తోచలేదే ఈ మాట" అంది. అని, తనే పీట వేసుకుని ఎక్కి, పెట్టె దించింది.

నూకాలు మూడు చుక్కలు పొడుచుకుంది. మొదటి చుక్కకి కెవ్వుమంది. రెండో చుక్కకి పెదవి కొరుక్కుంది. మూడో చుక్కకి, సూది ఎంత లోతుకి దిగితే చాలో చేతికి తెలిసిపోయింది. గున్నమ్మ పసుపు అద్దింది. వారం రోజులు చెయ్యి బూరెలా ఉబ్బింది, తర్వాత తగ్గింది.

అప్పుడు బంగారి వచ్చింది. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు. నూకాలు ఎడమచేత్తో బంగారి ముంజేయి పట్టుకుంది. బంగారి కళ్ళు ఆ మూడు చుక్కల మీద పడ్డాయి.

"నీకూ నొప్పెట్టిందా?"

"మొదటి చుక్కకి వీధంతా లేచొచ్చింది."

"రెండో చుక్కకి?"

"అప్పటికి వీధిలో ఎవరూ మిగల్లేదు, అందరూ ఇక్కడే ఉన్నారు."

బంగారి కిలకిలా నవ్వింది. ఆ నవ్వులో ఒక ఆకు అయిపోయింది. కబుర్లలో ఇంకో ఆకు. మొగ్గ దగ్గర మాత్రం కాస్త కన్నీళ్ళొచ్చాయి. అయినా చెయ్యి లాక్కోలేదు. వంకర్లన్నీ ఆకుల కింద సర్దుకున్నాయి. అప్పుడు వాళ్ళమ్మ లోపలికొచ్చి, వంగి చూసి, గున్నమ్మ పక్కన కూచుంది. గున్నమ్మ మంచినీళ్ళిస్తే తాగింది.

వాళ్ళు వెళ్ళాక గున్నమ్మ వచ్చి నూకాలు ఎదురుగా పీట మీద కూచుంది.

"ఇప్పుడు నాకు" అంది.

"ఎక్కడ పొడవను మామ్మా?"

గున్నమ్మ ఒక మోచెయ్యి చూసుకుంది, ఒక భుజం చూసుకుంది. నూకాలు పకపకా నవ్వింది. "నన్ను అన్ని రోజులు తిప్పావు కదా, ఇప్పుడు నువ్వు చెప్పు!"

గున్నమ్మ రోజంతా ఆలోచించింది. ముంజేతులు రెండూ ఎప్పుడో నిండిపోయాయి. మర్నాడు కాళ్ళు చూసుకుంది. మూడోరోజు స్నానం చేసి వచ్చి, జుట్టు ముందుకి వేసుకుని, మెడ వెనక చూపించింది.

"ఇక్కడ."

"అక్కడ నీకు కనబడదు కదా మామ్మా. ఎందుకక్కడ?"

"నువ్వు పొడిచినదాన్ని నేను చూసుకోవక్కర్లేదే" అంది గున్నమ్మ.

నూకాలు సూది మసిలో ముంచింది. ఏ బొమ్మ పొడుస్తున్నావని గున్నమ్మ అడగలేదు. అయిపోయాక కూడా అడగలేదు. ఏటి దగ్గర ఆడవాళ్ళు ఆవిడ వెనక నిలబడి, చూసి, నవ్వుకునేవాళ్ళు. ఏముందో చెప్పబోతే, వద్దని చెవులు మూసుకునేది.

కథేమో కంచి బండెక్కింది,
కునుకేమో కంటి రెప్పెక్కింది,
మనకేమో మన ఇల్లు దక్కింది.