తినే వచ్చానండీ

ఫాల్గుణ బహుళ షష్ఠి, శుక్రవారం, పగలు పదకొండున్నర. ఆముదాలవలసలో అలివేలమ్మగారింటి గుమ్మం ముందు శశిరేఖ చెప్పులు విడిచేసరికి ఎండ వసారా అంతా పరుచుకుని ఉంది.

అలివేలమ్మగారు విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం బోధించి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర పరిశోధన ముగించాల్సినవాళ్ళలో ఇక మిగిలింది శశిరేఖ ఒక్కతే. కొండ దిగువ ఊళ్ళో బడిపంతులమ్మ. ఉద్యోగం, ఇల్లు, పరిశోధన, మూడూ ఒక్క భుజం మీద మోసీ మోసీ మనిషి సగమైపోయింది. ఉగాది వెళ్ళగానే సెలవు అయిపోతుంది. ఈలోగా మేడంగారి సంతకం పడితే పట్టా. పడకపోతే మళ్ళీ అర్జీ, మళ్ళీ ఓ ఏడాది, అదీ జీతం లేకుండా.

శశిరేఖ చేస్తున్న పరిశోధన, పొద్దున తినకుండా బడికొచ్చే పిల్లల చదువు ఎలా సాగుతోందన్నది. ఆముదాలవలస చుట్టుపక్కల బళ్ళన్నీ తిరిగింది. నాలుగు వందల మంది పిల్లలకి ప్రశ్నావళి ఇచ్చింది. దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు. "ఇంటి దగ్గర తినే వస్తామండీ" అని. పట్టికలు వేస్తే ముత్యాల్లా కుదిరాయి. ఈ ప్రాంతంలో పిల్లల వెనకబాటుకి ఆకలి కారణం కాదని చివరి అధ్యాయంలో రాసేసింది.

అలివేలమ్మగారు మాత్రం చూసిన ప్రతిసారీ ఒకటే అనేవారు. "అంకెలతో పరిమాణాత్మకం చేశావు, బావుంది. గుణాత్మకం కూడా కొంత చెయ్యమ్మా. పిల్లల దగ్గర కూర్చో. చూడు, మాట్లాడు."

శశిరేఖకి ఇక కూర్చునే ఓపిక లేదు. ఇన్ని వందల మంది చెప్పాక ఇంకా నలుగురితో కబుర్లు ఎందుకని లోపల విసుగు కూడాను. ఇవాళ ఆ మాటే గట్టిగా అడిగి, సంతకం పెట్టించుకుని మరీ వెళ్ళాలని వచ్చింది.

"రా అమ్మాయ్. ఎండలో వచ్చావు" అని మంచినీళ్ళిచ్చి, అలివేలమ్మగారు అడిగారు. "తిన్నావా?"

"తినే వచ్చానండీ."

ఇంకెప్పుడైనా అయితే ఆవిడ ఊరుకునేవారు కాదు. "ఏం తిన్నావు, ఎప్పుడు తిన్నావు, లే, కాళ్ళు కడుక్కో" అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళేవారు. ఇవాళ ఓ క్షణం శశిరేఖ మొహంలోకి చూశారు.

"సరే అయితే. కూర్చో" అనేసి లోపలికి వెళ్ళిపోయారు.

శశిరేఖ ముందుగదిలో కుర్చీలో కూలబడింది. తెల్లవారకముందే ఇంట్లోంచి బయల్దేరింది. రెండు బస్సులు మారింది. కడుపులో పడిందల్లా బస్టాండులో తాగిన టీ ఒక్కటే.

లోపల పోపు చిటపటలాడింది. ఇంగువ వాసన గుప్పుమంది. చింతచిగురు పప్పు. కంచాలు పెట్టిన చప్పుడు. శశిరేఖ తలొంచుకుని తన థీసిస్ తనే తిరగేసింది. ఒక్క ముక్కా కంటికి ఆనలేదు.

"ఆ పిల్లకి కంచం పెట్టవేమే?" అంది లోపల్నుంచి ఓ ముసలి గొంతు. అలివేలమ్మగారి ఆడపడుచు పేరిందేవమ్మగారిది.

"తినే వచ్చానంది వదినా."

"అంటే?"

"అంటే ఏముంది? అడిగాను, చెప్పింది."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒక్కసారే."

"చోద్యం! ఒక్కసారి అడిగితే ఎవతె తింటానంటుందే? కాపరానికొచ్చిన కొత్తలో నువ్వూ ఇంతేగా. ఆకలి లేదు, ఆకలి లేదంటూ పస్తుండి, పెరట్లో కళ్ళు తిరిగి పడ్డావు. మా తమ్ముడు పాపం భుజానేసుకుని లోపలికి తెచ్చాడు. ఇప్పుడు ప్రొఫెసరువయ్యావు, బోలెడు తెలివి!"

"గట్టిగా అనకు వదినా, వింటుంది."

"వినాలనే అంటున్నా."

శశిరేఖ చెవులు వేడెక్కాయి. లోపల మజ్జిగ కలుపుతున్న చప్పుడు. అంటే భోజనాలు ఆఖరికొచ్చాయన్నమాట.

కాసేపటికి అలివేలమ్మగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పి కాబోలు, కూర్చుంటూ "గోవిందా" అనుకున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. కలం మూత తీశారు.

"ఏదీ, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించు."

శశిరేఖ ఉలిక్కిపడింది. "పెట్టేస్తారా అండీ?"

"ఎన్నాళ్ళని తిప్పను నిన్ను? నాకూ ఓపిక లేదు, నీకూ లేదు. నాలుగొందల మంది చెప్పారంటున్నావు. చూపించు."

శశిరేఖ పేజీ తీసింది. వేలు ఆ గీత మీద ఆనించింది. కలం దగ్గరికొచ్చింది. వేలు మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

"మేడం..."

"ఊఁ."

"నేను తినలేదండీ."

"తినే వచ్చానన్నావుగా?"

"ఊరికే అలా అన్నాను. సరిగ్గా భోజనాల వేళకి ఊడిపడ్డాను కదా, మీకెందుకు ఇబ్బందని..."

"అడిగింది పరాయివాళ్ళేం కాదే?"

"కాదనుకోండి. కానీ మీ దగ్గర... సంతకం కోసం వచ్చి, ముందుగా ఆకలేస్తోందని ఎలా చెప్పనండీ?"

అలివేలమ్మగారు కలం పక్కన పెట్టారు. "పిల్లల్ని ఎవరడిగారు?"

"నేనేనండీ."

"ఎలాగ?"

"చిన్న క్లాసుల వాళ్ళకి చదవడం రాదు కదా. ప్రశ్న నేనే చదివి వినిపించి, తినొచ్చిన వాళ్ళు చేతులెత్తండి అన్నాను. హెడ్మాస్టారు కూడా పక్కనే..."

ఆ రోజు కళ్ళముందు మెదిలింది.

రైలు గేటు పక్కన బడి. కిటికీ దగ్గర కూర్చున్న ఓ పిల్ల. అందరి చేతులూ లేచాయి. ఆ పిల్ల ముందు అటు చూసింది, ఇటు చూసింది, హెడ్మాస్టారి వంక చూసింది. అప్పుడు ఎత్తింది చెయ్యి. శశిరేఖ అదంతా చూస్తూనే ఉంది. చూస్తూనే టిక్కు పెట్టింది.

"లే" అన్నారు అలివేలమ్మగారు. "ముందు చెయ్యి కడుక్కో."

పేరిందేవమ్మగారు అప్పటికే కంచం పెట్టేశారు. ఇంకాస్త వడ్డించనా అని అడగలేదు. వడ్డిస్తూనే పోయారు. శశిరేఖ సగం తిన్నాక తలెత్తింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

"అయితే నా లెక్కలన్నీ తప్పేనా అండీ?"

"తప్పెందుకవుతాయి? అంతమందీ ఆ మాట అన్నారు. నువ్వు సరిగ్గానే లెక్కపెట్టావు."

శశిరేఖ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఇంకో ఏడాదండీ" అంది చివరికి. గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

"అవునమ్మా" అన్నారు ఆవిడ. అంతకు మించి ఓదార్చలేదు.

భోజనమయ్యాక శశిరేఖ తనే థీసిస్ తీసి సంచిలో పెట్టుకుంది. సంతకం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎండ తగ్గాక వెళ్ళొచ్చులే అన్నారు అలివేలమ్మగారు. ఎండ తగ్గాక, రాత్రికి ఉండిపొమ్మన్నారు. సాయంత్రం దీపం పెట్టాక ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. శశిరేఖ ఒక్కసారి లేచి ఇంటికి ఫోన్ చేసింది. "లేదు, అవలేదు. ఇంకా ఉంది పని" అని మాత్రం చెప్పి వచ్చింది.

మర్నాడు శనివారం. ఆ ఇంట్లో పొయ్యి ఎప్పటికన్నా పెందలాడే వెలిగింది. వేంకటేశ్వరస్వామికి నైవేద్యమని పేరిందేవమ్మగారు పెద్ద గిన్నెడు పులిహోర కలిపారు. హారతి ఇచ్చాక ముగ్గురూ గిన్నెతో సహా ఆటో ఎక్కారు. రైలు గేటు పక్క బడి దగ్గర దిగి, గంట కొట్టకముందే వరండాలో కూర్చున్నారు.

"ప్రసాదం కదా" అన్నారు అలివేలమ్మగారు. "తిన్నవాళ్ళూ వస్తారు, తిననివాళ్ళూ వస్తారు."

గిన్నె మూత తీశారు. పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి వస్తున్నారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. శశిరేఖ గోడ వారగా నేల మీద కూర్చుని, వాళ్ళు తినడం చూస్తూ ఉండిపోయింది.