మూలిగే సమాధి

ఎప్పుడూ మంచు కమ్ముకొని ఉండే కొండల నడుమ, ఒకానొక రాజ్యంలో జయకేతుడనే రాజు ఉండేవాడు. తన తీర్పుకు తిరుగు లేదని ఆయన ధీమా.

ఆ ధీమాకు కారణం లేకపోలేదు. కోట వెనక, రాతి తలుపున్న గుహలో ఆయన తాతగారి సమాధి ఉంది. ఎవరి మీదైనా దొంగతనం అనుమానం వస్తే, ఆ మనిషిని ఒంటరిగా అందులోకి పంపేవారు. దొంగయితే లోపలి నుంచి "ఊఁ..." అని మూలుగు వినపడేది. రాజు ఎన్నోసార్లు విన్నాడు. చెవులారా విన్నది నమ్మడం తప్పు కాదు కదా.

ఒకసారి రాణిగారి ముక్కుపుడక పోయింది. అంతఃపురంలో పూలు కట్టే సూరమ్మను గుహలోకి పంపారు. మూలుగు వినపడింది. మర్నాడు పొద్దున్నే అక్కడే కుడిచెయ్యి నరకమని తీర్పు.

తెల్లవారింది. గుహ ముందు మంచులో సూరమ్మ తాళ్ల కట్లతో నిలబడి ఉంది. "అయ్యా, నేను తియ్యలేదు. ఈ చెయ్యి పోతే నేనెట్లా బతికేది?" అంది.

కొలువులో చమత్కారిగా పేరున్న కొమ్మన ఆ చేతి వంక చూశాడు. అతని గుండె నీరయింది. పైకి మాత్రం నవ్వుతూ, అక్కడే ఉన్న రాజు దగ్గరకు వెళ్లాడు.

"ప్రభూ, తాతగారు మూలగకుండా వదిలేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

రాజు మీసం దువ్వాడు. "ఒక్కడూ లేడు. ఆయన దగ్గర ఎవడి ఆటలూ సాగవు."

"మరి దొంగ కానివాణ్ణి ఎప్పుడైనా పంపి చూశారా?"

"దొంగ కానివాణ్ణి ఎందుకు పంపుతామోయ్? నీకు మతి ఉందా?"

"అయితే ఇవాళ తమరే వెళ్లి తాతగారికి దణ్ణం పెట్టుకొని రండి. మనవడొచ్చాడని సంతోషిస్తారు."

అందరి ముందూ భయమని ఎలా చెప్పడం? రాజు లోపలికి నడిచాడు. చీకటి ఆయన్ను మింగేసింది. కాసేపు ఏమీ లేదు. తరవాత, "ఊఁ..."

భటులు తలలు దించుకున్నారు. రాజు పాలిపోయిన ముఖంతో బయటికొచ్చాడు.

"ప్రభూ, ఆ మూలుగు దొంగను పట్టిస్తుందంటే ముక్కుపుడక తమ దగ్గర వెతకాలి. పట్టించదంటే సూరమ్మ చెయ్యి వదలాలి" అన్నాడు కొమ్మన.

"అయితే ఈ సూరమ్మ తియ్యలేదంటావా?"

"అనను. తీసిందో లేదో నాకు తెలియదు. తీసిందనడానికి మనకున్న ఆధారం ఆ మూలుగు ఒక్కటే. మిమ్మల్ని చూసీ మూలిగాక అది కాస్తా పోయింది. నిన్న తమరు నమ్మడంలో తప్పు లేదు. ఇది విన్నాక కూడా నమ్మితే తప్పు."

"మరి ఆ మూలుగేమిటి?"

"గాలి ప్రభూ. తలుపు తీసినప్పుడు లోపలి రాతి బీటలోకి దూరుతుంది. ఖాళీ కూజా మూతి మీద ఊదితే మోగదూ, అలాగన్నమాట."

రాజు రాతి తలుపు మూయించాడు. మంచు కదలకుండా నిలిచింది. ఆకైనా అల్లాడలేదు.

మూసిన తలుపు వెనక నుంచి, "ఊఁ..."

భటులు రెండడుగులు వెనక్కి తగ్గారు.

"ఇప్పుడేమంటావు?" రాజు గొంతు తగ్గించి అడిగాడు.

కొమ్మన చేతులు జోడించాడు. "గాలి అన్న నా మాటా పోయింది ప్రభూ. అదేమిటో నాకు తెలియదు. ఏమిటో తెలియనిదాన్ని సాక్ష్యానికి పిలవకండి."

రాజు పకపకా నవ్వాడు. "నన్ను ఓడించావు, ఆనక నిన్ను నువ్వే ఓడించుకున్నావు. ఇలాంటివాణ్ణి నమ్మొచ్చు" అంటూ సూరమ్మ కట్లు విప్పించి, తన పట్టుశాలువా తీసి కొమ్మనకు కప్పాడు.

రాజు నవ్వు ఆగాక, తలుపు వెనక ఇంకెవరో నవ్వడం ఆపినట్టు కొమ్మనకు అనిపించింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఆధారం లేదు కదా.