ఇల్లున్న తాబేలుకు గుంట లేదట

నల్లవాగు పక్క అడవికి ఎలుగుబంటి పెద్ద, నక్క గుమస్తా. కొత్తచోట గుంట తవ్వాలన్నా, గూడు కట్టాలన్నా గుమస్తా మోదుగాకు మీద అనుమతి రాసి కాలిముద్ర వెయ్యాలి. పెద్ద మంచివాడే. కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఆకు దగ్గరికొచ్చేసరికి అంతా నక్క ఇష్టం.

ఆ వాగు ఒడ్డున ఒక తాబేలవ్వ ఉంది. కిందటేడు ఆమె ఇసకలో పెట్టిన గుడ్లన్నీ వరదకు పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఆ వాగును ఆమె ఇప్పటికీ క్షమించలేదు. దాని నీళ్లు తాగేటప్పుడు కూడా తిట్టుకుంటూనే తాగుతుంది. ఈసారి గుడ్లు ఎర్రమట్టి దిబ్బ మీదే పెట్టాలని పట్టుపట్టి, రెండు రోజులు నడిచి నక్క దగ్గరికి వెళ్లింది.

"గుమస్తా నాయనా, దిబ్బ మీద జానెడు గుంటకు ఆకు రాసియ్యి. వానలు ముంచుకొస్తున్నాయి."

నక్క ఆమె చుట్టూ ఒకసారి తిరిగింది.

"నీకు సొంతిల్లు ఉంది కదవ్వా?"

"నాకెక్కడిదిరా ఇల్లు?"

"వీపు మీదున్నదేంటి మరి? వాన కారని కప్పు, ముందో వాకిలి, వెనకో వాకిలి. ఇల్లున్నవాళ్లకు దిబ్బ మీద రెండోది లేదు. రూలు."

"అది నా డిప్పరా! అందులో నేనే ముడుచుకుని పడుంటాను. గుడ్లెక్కడ పెట్టను, నీ నెత్తినా?"

"రూలు రూలేనవ్వా."

అసలు సంగతి వేరు. ఆ దిబ్బను నక్క తన బావమరిదికి ఇస్తానని ఎప్పుడో మాటిచ్చేసింది.

దారిలో ముంగిస ఎదురై అంతా విన్నది. "అవ్వా, వాడికి నాలుగు పీతలు పడేస్తే చిటికెలో పనైపోదూ?"

"వాడికా? నా గుడ్లు కొట్టుకుపోతుంటే గట్టు మీద నిలబడి నవ్వాడు. పీత కాలు కూడా ఇవ్వను."

"మరేం చేస్తావు?"

"వాడి చేతే రాయిస్తాను."

వెనక్కి తిరిగి మళ్లీ నక్క గుమ్మం ఎక్కింది. "సరే నాయనా, నీ మాటే నిజం. నాది ఇల్లేనని రాసియ్యి. రేపు ఎవరైనా అడిగితే చూపిస్తాను."

పీడ వదిలిందనుకుని నక్క గబగబా రాసింది. 'తాబేలవ్వ వీపు మీదున్నది ఆమె సొంతిల్లు.' కాలిముద్ర కూడా గట్టిగా వేసింది.

అవ్వ ఆకు నోట కరుచుకుని నేరుగా దిబ్బ ఎక్కింది. ఎక్కడానికి మూడు పూటలు పట్టింది. రెండుసార్లు జారింది. మూడోసారి ఎక్కి, వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది.

అప్పుడే బావమరిది పెళ్లాం పిల్లలతో దిగాడు. చూసి లబోదిబోమన్నాడు. నక్క ఎలుగు పెద్దను లాక్కొచ్చింది.

"ఆకు లేకుండా తవ్వుతోంది పెద్దయ్యా!"

"ఏమ్మా, నిజమేనా?" అన్నాడు ఎలుగు పెద్ద.

అవ్వ ఆకు ముందుకు తోసింది. "నాకు అక్షరమ్ముక్క రాదు. తమరే చదవండి."

ఎలుగు పెద్ద చదివాడు. "నీ వీపు మీదున్నది సొంతిల్లని ఉంది."

"ఆ ఇల్లు ఇప్పుడెక్కడుంది పెద్దయ్యా?"

"దిబ్బ మీద."

"ఎవరి దొడ్లో వాళ్లు గుంట తవ్వుకోడానికి ఆకు కావాలా?"

"దొడ్లోనా? ఆకెందుకు? నేనూ ఆకు లేకుండానే తవ్వుకుంటాను."

"ఇల్లు ఇక్కడుంటే దొడ్డి ఇంకెక్కడుంటుంది? ఇదే నా దొడ్డి."

నక్కకు ఒళ్లు మండింది. "అది ఇల్లేంటి పెద్దయ్యా! వట్టి డిప్ప!"

"మరి ఇల్లుందనేగా నాకు ఆకియ్యనన్నావు?" అంది అవ్వ.

ఎలుగు పెద్ద మెల్లగా నక్క వైపు తిరిగాడు. "డిప్పయితే ఈమెకు ఇల్లే లేదన్నమాట. మరి ఆమె అడిగిన గుంటకు ఆకు ఎందుకివ్వలేదురా? ఇల్లయితే దొడ్డి ఆమెది, డిప్పయితే గుంట ఆమెది. ఏదో ఒకటి చెప్పు."

నక్క తోక ముడుచుకుని దిబ్బ దిగింది.

ఆ సాయంత్రమే అవ్వ గుడ్లు పెట్టి మట్టి కప్పింది. తెల్లారి కుండపోత. వాగు దిబ్బ మొదలు దాకా వచ్చి, చేసేదిలేక వెనక్కి పోయింది. దిబ్బ దక్కని బావమరిది సంసారంతో సహా నక్క కలుగులోనే దూరాడు. చోటు చాలక గుమస్తాగారు బయట వానలో తడుస్తున్నారు.

నీతి: పక్కవాడిని ఆపడానికి అబద్ధపు రాత రాసినవాడు, ఆ రాతకు తానే జవాబు చెప్పుకోవాలి.