లింగోజు గడప

అనగనగా, మీ తాతల తాతలకు కూడా గుర్తులేనంత వెనక, ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక దొర, నలుగురు వడ్రంగులు. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. మీకూ వస్తే ఆపుకోకండి.

దొర పేరు చెప్పను. చెబితే వాడు గుర్తుంటాడు. అంత మర్యాద వాడికి దక్కకూడదు. ఆ నలుగురు వడ్రంగుల్లో ముగ్గురి పేర్లు కూడా చెప్పను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది. నాలుగోవాడు లింగోజు. బక్కపలచని మనిషి, మాట తక్కువ. ఊరి చివర రెండు గదుల ఇల్లు, ఇంట్లో భార్య ఈరమ్మ. అంతకు మించి ఏమీ లేదు.

ఉంది, ఒకటి మరిచాను. చిత్రిక ఉంది. ఆ ఊళ్లో దాన్ని రంద అనేవాళ్లు, వడ్రంగిని వడ్లోడు అనేవాళ్లు. జానన్నర పొడుగు కట్టె దిమ్మ. మధ్యలో ఏటవాలుగా తొలిచిన తొర్ర. తొర్రలో పదునైన ఇనప బిళ్ల, అది కదలకుండా బిగించడానికి ఒక చీలిక. కట్టె మీద పెట్టి ముందుకు తోస్తే పొర లేస్తుంది, గరుకు పోతుంది. ఆ రోజుల్లో ఎవరి చిత్రిక వాళ్లే చేసుకునేవాళ్లు. తన అరచెయ్యి ఎంత వెడల్పో, తన బొటనవేలు ఎక్కడ ఆనుతుందో తనకే కదా తెలిసేది. ఒకరి చిత్రిక ఇంకొకరి చేతికి కుదరదు.

లింగోజు చిత్రిక పట్టిన కట్టె మీద చీమ కూడా జారిపడేదని చెప్పుకునేవాళ్లు. నాగలి మేడి చేసినా, రోకలి చేసినా, నీళ్ల కావడి బద్ద చేసినా ఒకటే నునుపు. దున్నేవాడి చేతికి ముల్లు దిగకూడదు, దంచేదాని చేతికి ముల్లు దిగకూడదు, మోసేవాడి భుజానికి ముల్లు దిగకూడదు. అతనికి తెలిసిన శాస్త్రం అదొక్కటే.

ఒకనాడు దొర పొలం గట్టు మీద నడుస్తూ కాలు జారాడు. పడబోతూ పక్కనే ఉన్న కూలివాడి నాగలి మేడి పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పడకుండా కాపాడిందని సంతోషించాలి కదా? వాడికి ఒళ్లు మండింది. కోటలాంటి తన ఇల్లు గడీకి పోయి, పట్నం నుంచి తెప్పించుకున్న తన కుర్చీ చేతిని తడిమి చూసుకున్నాడు. మేడి అంత నున్నగా లేదు.

మర్నాడే ఊళ్లో చాటింపు వేయించాడు. "ఇయ్యాల్టి నుంచి నున్నటి కట్టె గడీల్నే ఉండాలె. ఊరోళ్లకు బాడిశతోని చెక్కింది చాలు. వడ్లోళ్లు రందలన్నీ తెచ్చి గడీల అప్పజెప్పాలె."

విన్నారా? కూలివాడి అరచెయ్యి కింద కట్టె నున్నగా ఉండటం కూడా ఓర్వలేకపోయాడు. ఏం తిని కంటారో ఇలాంటివాళ్లను.

ముగ్గురు వడ్రంగులు పరుగున వెళ్లారు. "నీ బాంచెను దొరా" అంటూ చిత్రికలు వాడి కాళ్ల దగ్గర పెట్టి, తల వంచుకుని ఇంటికొచ్చారు. లింగోజు వెళ్లలేదు. దొర మనుషులే వచ్చి అతని చిత్రిక లాక్కుపోయారు.

గడీలో ధాన్యం దంచే ఆడవాళ్లు ముప్పై మంది ఉండేవాళ్లు. అంతా వెట్టే. వాళ్లలో మైసమ్మ ఒకతి. మొగుడు పోయాడు, ముగ్గురు పిల్లలు. పాత రోకళ్లు విరిగిపోయి, బాడిశతో చెక్కిన కొత్తవి వచ్చాయి. వాటి ఒంటినిండా ముళ్లే. నెల తిరిగేసరికి మైసమ్మ కుడి అరచెయ్యి వాచి, చీము పట్టింది. మందు కట్టే ముసలమ్మ ఆ చెయ్యి చూసి, "ఇంకొక్క ముల్లు దిగితే ఈ చెయ్యి మిగలదు బిడ్డా" అంది.

దంచడం మానితే గడీవాళ్లు ఊళ్లో ఉండనివ్వరు. దంచితే చెయ్యి పోతుంది. మైసమ్మ లింగోజు ఇంటికొచ్చి అరచెయ్యి చాపింది.

"వడ్లయ్యా, నాకొక్క నున్నటి రోకలి గావాలె. ఈ పుండు మానేదాక ఎడమ చేత్తోని ఎట్లనో దంచుత. తర్వాత ఈ చేత్తోని మళ్ల గా ముళ్ల కట్టె పట్టలేను. చెయ్యి పోతే నా పిల్లలకు బుక్క ఎవలు పెడ్తరు?"

లింగోజు ఆ చేతిని చాలాసేపు చూశాడు. ఇసుకతో రుద్దితే నునుపు నాలుగు రోజులే ఉంటుంది. తర్వాత పొర లేచి మళ్లీ ముళ్లే. రోకలి నిలవాలంటే చిత్రిక పట్టాల్సిందే.

"జేస్తనమ్మా" అన్నాడు.

లింగోజు కట్టె వెతుక్కున్నాడు. కోపంలో ఉన్నాడు కదా, ఆగలేకపోయాడు. ఆ పొద్దే కొట్టిన వేపకొమ్మ తెచ్చి దిమ్మ చెక్కాడు. కమ్మరి చంద్రయ్య అరిగిపోయిన కొడవలి కాల్చి బిళ్ల చేసిచ్చాడు. మూడు రోజులకు దిమ్మ మెలిక తిరిగింది, తొర్ర నోరు తెరుచుకుంది. బిళ్ల నిలవలేదు.

"పచ్చి కట్టె వంకర వోతదని నీకు దెల్వదాయ్యా?" అంది ఈరమ్మ.

"దెలుసు. కోపంల మరిశిన."

లింగోజు మళ్లీ కట్టె వెతుక్కున్నాడు. దిబ్బ మీద పాత బండి ఇరుసు విరిగి పడి ఉంది. ఏళ్ల తరబడి ఎండిన తుమ్మ కట్టె. దాన్ని కోసి, తొలిచి, అడుగు భాగం బండ మీద రాసి చదును చేశాడు. ఈసారి చంద్రయ్య అరిగిన నాగటి కర్రుతో బిళ్ల చేసిచ్చాడు. చిత్రిక కుదిరింది. తలుపు వేసుకుని రోకలి పట్టడం మొదలుపెట్టాడు. సగం రోకలి నున్నబడింది.

అప్పుడు ఆ ముగ్గురిలో ఒకడు గడీకి పోయి చెప్పాడు. దొర అడగలేదు, కొట్టలేదు. తనకు తానుగా పోయి చెప్పాడు. తన దగ్గర లేని చిత్రిక పక్కవాడి దగ్గర ఉండటం వాడికి కంట్లో నలుసైంది. దొర మీద నాకెంత కోపమో, వీడి మీద అంతకంటే రెండింతలు.

దొర మనుషులు వచ్చారు. చిత్రికను లింగోజు వాకిట్లోనే వేసి, అతను చూస్తుండగానే కాల్చారు. రోకలి కోసం ఇల్లంతా వెతికారు. ఈరమ్మ దాన్ని చీరలో చుట్టి, బొంత కింద పెట్టి, నడుం పట్టేసిందని మూలుగుతూ దాని మీదే పడుకుంది. వాళ్లు ఆమెను లేపలేదు. పోతూ పోతూ ఊరంతటికీ చెప్పారు, లింగోజుకు కట్టె ఇచ్చినవాడి ఇల్లు కూలుతుందని.

లింగోజు మూడోసారి కట్టె వెతుక్కున్నాడు. ఎవరూ ఇవ్వలేదు. చంద్రయ్య కొలిమి దగ్గరకు పోతే అతను ముఖం తిప్పుకున్నాడు. "నాకూ పిల్లలున్నరు లింగోజూ" అన్నాడు. అది నిజమే. మైసమ్మకూ ఉన్నారు.

లింగోజు ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కిందికి చూశాడు. వాళ్ల తాత వేసిన గడప అది. మూడు తరాల పాదాలు తొక్కిన టేకు. అంత ఎండిన కట్టె ఊళ్లో ఇంకెక్కడా లేదు.

ఈరమ్మ అతని చూపు ఎటు పోయిందో పట్టేసింది.

"గడప లేని ఇల్లు ఇల్లేనాయ్యా? పసుపు రాసి మొక్కిన గడప."

"మైసమ్మ చెయ్యి వోతే మొక్కనీకె ఆమెకు చెయ్యి ఉంటదా?"

ఈరమ్మ లోపలికి పోయింది. కత్తిపీట తెచ్చింది. పీటను కాలితో తొక్కిపట్టి, కత్తిని రెండు చేతులతో పెరికి అతని ముందు పడేసింది.

"కమ్మరోడు ఇయ్యకుంటే మానె. కూరగాయలు పండ్లతోని కొరుక్కుంట తియ్."

గడప పెకలించాడు. కోశాడు, తొలిచాడు, చదును చేశాడు. కత్తిపీట కత్తిని బండ మీద అరగదీసి బిళ్ల చేశాడు. మిగిలిన సగం రోకలి కూడా నున్నబడింది. మైసమ్మ దాన్ని బుగ్గకు ఆనించి చూసుకుని ఏడ్చింది. అప్పటికి పుండు మానింది. ఆ రోకలితో ఆమె గడీలో ఎనిమిది రోజులు దంచింది. ఒక్క ముల్లు దిగలేదు.

తొమ్మిదో రోజున, అందరి చేతులకూ ఉన్న గుడ్డకట్టు ఈమె చేతికి ఎందుకు లేదని గడీ పెత్తందారు రోకలి తడిమి చూశాడు. మధ్యాహ్నానికల్లా లింగోజును ఈడ్చుకుపోయారు.

"రంద ఏడుంది రా వడ్లోడా?" అన్నాడు దొర.

"నా ఇంట్ల ఉంది. నాది. నా చేత్తోని జేసుకున్న."

"తెచ్చి నా కాళ్లకాడ వెట్టు."

"నీ చెయ్యికి అది కుదరదు దొరా. నువ్వెన్నడన్న కట్టె తోసినవా?"

లింగోజు జీవితంలో ఎవరితోనైనా అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదటిసారి. అతన్ని గడీ ముందు దారిలో, ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. ఒక పూట కాదు, మూడు రోజులు. ఊరంతా ఆ దారినే పొలాలకు పోయింది. ఊరంతా ఆ దారినే తిరిగొచ్చింది. ఒక్కరు ఆగలేదు. చెబుతుంటే ఇప్పటికీ పళ్లు నూరుకుంటాను. మూడో రోజు సాయంత్రం బండ తీశారు. లింగోజు లేవలేదు.

శవాన్ని ఇంటి నుంచి బయటికి తెస్తున్నప్పుడు మోసేవాళ్లు అలవాటుగా గడప దాటడానికి కాలెత్తారు. అక్కడ గడప లేదు. ఎత్తిన కాళ్లు తడబడ్డాయి. అందరూ కిందికి చూశారు. అప్పుడు ఈరమ్మ ఊరివాళ్లందరి వైపూ తిరిగింది.

"ఏం జూస్తున్నరు? మా ఇంట్ల గడప లేదు, మీ ఇండ్లల్ల ఉన్నయి. పోయి మొక్కుకోండ్రి."

ఆ మాట మగవాళ్లకు ఎంత తగిలిందో నాకు తెలియదు. ఆడవాళ్లకు తగిలింది. మర్నాడు గడీకి దంచడానికి ముప్పై మందిలో ఒక్కరూ పోలేదు. దొర మనుషులు కర్రలు పట్టుకుని వాడలోకి వచ్చారు. ముప్పై మందీ వాకిళ్లలో కూర్చుని అరచేతులు చాపారు. "నున్నటి రోకలి తెండ్రి, వస్తం" అన్నారు. మాట పెంచలేదు, తగ్గించలేదు. ఆ వచ్చినవాళ్ల ఇళ్లలోనూ ఆడవాళ్లున్నారు, వాళ్ల చేతులకూ గుడ్డకట్లున్నాయి. కర్ర లేపడానికి ఎవడికీ చెయ్యి రాలేదు.

మొదటి రోజు గడీలో నిన్నటి బియ్యం వండారు. రెండో రోజు మిగిలిన నూకతో గటక కాచారు. మూడో రోజు దొర పళ్లెంలో పొట్టు తీయని గింజలు పడ్డాయి. పళ్లెం విసిరికొట్టి, "ఎవల రందలు వాళ్లు జేసుకోండ్రి, సావుండ్రి" అని అరిచాడు.

ఆ ముగ్గురు వడ్రంగుల చిత్రికలను దొర ఎప్పుడో పొయ్యిలో పెట్టించాడు. వాళ్ల భార్యలు వాళ్లతో సొంత గడపలు పీకించారు. చిత్రికలు చేయించారు. ముప్పై రోకళ్లు పట్టించారు. గడీకి పోయి చెప్పిన ఆ ఒక్కడి చేత మాత్రం పది రోకళ్లు ఎక్కువ పట్టించారు. ఈరమ్మ పక్కనే నిలబడి ఒక్కొక్క రోకలినీ తడిమి, గరుకు తగిలితే వెనక్కి విసిరేది. ఆ తర్వాత ఆమె బతికినన్నాళ్లూ ఆ చెప్పినవాడి మొహం చూడలేదు.

దొరకు ఏమైందని అడగకండి. పాము కరవలేదు, పిడుగు పడలేదు. ముసలివాడై తన కుర్చీలోనే పోయాడు. అదే నా కోపం. కానీ చూడండి, వాడి పేరు ఎవరికైనా తెలుసా? గడీ గోడ ఎక్కడుండేదో కూడా ఎవరూ చెప్పలేరు.

లింగోజు పేరు మాత్రం ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అక్కడ పని నేర్చుకున్నవాడు ఎవరైనా వడ్రంగి అనిపించుకోవాలంటే ముందు తన చిత్రిక తానే చేసుకోవాలి. ఒకరి చిత్రికను ఒకరు అడగరు, ముట్టుకోరు. కొత్త రోకలి ఇంటికొస్తే ఆడవాళ్లు దంచేముందు బుగ్గకు ఆనించి, "లింగోజు చెయ్యి చల్లగుండ" అంటారు.

ఇంకొకటి. ఆ ఊళ్లలో కొత్త ఇల్లు కట్టేటప్పుడు గడపను కొలతకు జానన్నర, అంటే ఒక చిత్రికంత, ఎక్కువ పెట్టి కోస్తారు. ఆ ముక్క గోడ దాటి బయటికి పొడుచుకుని వస్తుంది. కొత్తవాళ్లు తట్టుకుని పడతారు, తిట్టుకుంటారు. కోసేయొచ్చు కదా అని నేను కూడా ఒక ముసలమ్మను అడిగాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"అసొంటి దొర మళ్ల రాడని నువ్వు రాసిస్తవా బిడ్డా?" అంది.