ఖాళీ కుర్చీకి పూలజడ

1961 మే 12, శుక్రవారం, పొద్దున పదిన్నర. నేను కాపురానికి వచ్చి రెండో నెల. బందరులో మా మామగారు వెంకటప్పయ్యగారి ఫోటో స్టూడియో అంటే మా ఇంటి ముందుగదే.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న సుందరేశం ఆవేళ కాఫీ కూడా ముట్టలేదు. చేయి తిరిగినవాడు. కెమెరా కంటికి నల్లకాగితాలు అడ్డుపెట్టి మనుషుల్ని చందమామ మీద కూర్చోబెట్టేవాడు. ఒకే మనిషి తనకు తానే తాంబూలం ఇచ్చుకుంటున్నట్టు తీసేవాడు. "మీ కల చెప్పండి, చూపిస్తా" అనేవాడు.

నాలుగు రోజుల కిందట ఫోటో కోసం వచ్చిన భ్రమరాంబగారు తన కల చెప్పింది. పూలజడ వేసి ఫోటో తీయిస్తానని కూతురికి మాటిచ్చిందట. మల్లెలు రాకముందే అమ్మవారు పోసి పిల్ల పోయింది. ఇప్పుడు కలలోకి వచ్చి, కుర్చీలో కూర్చుని, జడ వెయ్యమంటోందిట.

సుందరేశం వేరే పిల్లని వీపు కనబడేలా కూర్చోబెట్టి, చుట్టూ మబ్బులు కమ్మించి తీశాడు. ఎంత బాగుందో! ఆవిడ ముందురోజు వచ్చి చూసి, "బాగుంది నాయనా. మా పిల్ల కాదు" అని తిరిగి ఇచ్చేసింది.

"నాకు రానిది ఇంకేముందండీ, గురువుగారూ?" అన్నాడు సుందరేశం.

మామగారు నావైపు తిరిగారు. "అమ్మాయీ, నీ సవరం ఓసారి ఇస్తావూ? మల్లెమొగ్గలు కూడా తెప్పించు."

నిలువుటద్దం ముందు ఖాళీ కుర్చీ వేశారు. దాని వీపుకి సవరం కట్టారు. భ్రమరాంబగారిని పిలిపించి, "పిల్ల కూర్చుందమ్మా. జడ వెయ్యండి" అన్నారు.

ఆవిడ ముందు సవరాన్ని చిక్కు తీసి అల్లింది. తర్వాత ఒక్కో మొగ్గే గుచ్చుతూ, గుచ్చుతూ, "తల కదపకే గడుగ్గాయీ!" అని అద్దంలోకి చూసి నవ్వింది.

మామగారు అప్పుడు తీశారు.

సాయంత్రం ఆ ఫోటో అందుకుని ఆవిడ కళ్ళకద్దుకుంది. "ఇదే. మా పిల్ల ఇలాగే కుదురుగా ఉండేది కాదు" అంది. ఆయన తీసినవి ఎన్నో చూశాను గానీ, దానికి సాటి వచ్చేది మళ్ళీ ఒక్కటీ చూడలేదు.

ఆవిడ వెళ్ళాక సుందరేశం మెల్లగా అడిగాడు. "అందులో పిల్ల ఏదండీ?"

"ఆవిడ ఎవర్ని చూసి నవ్విందిరా?" అన్నారు మామగారు.

మర్నాడు పొద్దున నేను ఆ కుర్చీని కదపకుండా చుట్టూ ఊడ్చాను. తొమ్మిదింటికి ఫోటోకి ఎవరో వస్తే, సుందరేశం లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ మోసుకొచ్చాడు.