జానెడు వెనక గీత

ఈ కథ రాస్తున్నావిడ ఇంతకు ముందు ఏదీ రాసి ఎరగదు. అయిదో తరగతితో పలక అటకెక్కింది. ‘నేను’ అని రాయడానికి సిగ్గు. అందుకని ‘నూకాలమ్మ’ అని రాసుకుంటోంది. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

అనగా అనగా, ఏ ఏడో అడక్కండి, ఒక ఊళ్లో తౌడు అనే మనిషి ఉండేవాడు. ముందు పుట్టిన ముగ్గురూ నిలవలేదని, నాలుగోవాణ్ణి వాళ్లమ్మ పొరుగావిడ చేతుల్లో పెట్టి, చేటెడు తౌడు పోసి తిరిగి కొనుక్కుంది. ఆ పేరే నిలిచింది. మనిషీ నిలిచాడు.

అతనికి నూకాలమ్మనిచ్చి చేశారు. “నూకలూ తౌడూ ఒక చేటలో పడ్డాయిరా” అని పెళ్లిలో అందరూ నవ్వారు. నూకాలమ్మా నవ్వింది.

తౌడు ఆడపిల్లల కాలేజీలో గ్రౌండు మనిషి. మట్టినేల మీద సున్నంతో బాస్కెట్‌బాల్ గీతలు గియ్యడం అతని పని. కొలతకి ఒక తాడుండేది. గీతకొక ముడి. గీతలు గీస్తూ, ఆట చూస్తూ, ఆట నేర్చుకున్నాడు. ఆట నేర్పే మాస్టారు బదిలీ మీద పోయాడు. ఇంకెవరూ రాలేదు. “పోనీ నువ్వే చూడవయ్యా” అన్నారు పెద్దవాళ్లు. అలా కోచ్ అయ్యాడు. గీతలు గియ్యడం మాత్రం ఇంకొకరికి ఇవ్వలేదు.

తెల్లారేది. తాడు తీసేవాడు. పోయేవాడు.

పక్కింటి సింహాచలం ఊరుకునేది కాదు. “ఏటే నూకాలూ, నీ వాకిట్లో ముగ్గు నువ్వేసుకుంటన్నావు. మీ ఆయన పొద్దున్నే ఎవరి వాకిట్లో ముగ్గేస్తన్నాడో చూసుకో.”

నవ్వులాటకే అంది. నూకాలమ్మకి అది కడుపులో కూర్చుంది. జట్టులో ఎస్తేరు అనే పిల్ల ఉండేది. ఎస్తేరు బొటనవేలి గోరు ఊడితే ఆయనకి తెలుసు. నూకాలమ్మ పన్ను ఊడితే మూడు రోజులు తెలీలేదు. సవతి మనిషైతే జుట్టు పట్టుకోవచ్చు. గ్రౌండుకి జుట్టేదీ?

ఒక ఏడు కాలేజీ పెద్ద గట్టిగా చెప్పేశాడు. “ఈసారి పోటీల్లో ఓడితే నిన్ను తీసేసి వేరేవాణ్ణి పెడతాం తౌడూ.” ఆ మాట ఇంటికొచ్చింది. నూకాలమ్మ చెవిలో పడింది. ఓడిపోతే బాగుణ్ణు అనుకుంది. ఓడితే నా మొగుడు నాకొస్తాడు.

మొదట ఈల దాచింది. ఆయన నోట్లో రెండు వేళ్లు పెట్టి ఊదాడు.

తర్వాత బంతికి దబ్బనం గుచ్చింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర అతుకేయించేదాకా, వారం రోజులు, పిల్లల చేత ఉత్త పరుగులు తీయించాడు. పిల్లలకి ఊపిరి పెరిగింది.

మూడోసారి తాడు పట్టింది. ఎదుటివాళ్లు తప్పు చేస్తే మన పిల్ల ఒక్కత్తే నిలబడి, ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి బంతి వేసే గీత ఒకటుంది. “గెలుపూ ఓటమీ ఈ ముడి మీదే ఉంటాయి” అని ఆయన ఒకసారి అన్నం తింటూ అన్నాడు. నూకాలమ్మ ఆ ముడి విప్పి, జానెడు వెనక్కి వేసింది.

తెల్లారింది. తాడు తీశాడు. పోయాడు.

“బంతి బుట్టకి అందట్లేదు సార్, చేతులు పీకుతున్నాయి” అని పిల్లలు గోల పెడుతున్నారని సింహాచలం కబురు మోసింది. నూకాలమ్మ కడుపు చల్లబడింది.

పోటీల రోజు వచ్చింది. మొగుడు దిగులుగా వస్తాడని చేపల పులుసు వండి, వాకిట్లో కూచుంది. దిగులు రాలేదు. డప్పులొచ్చాయి. ముందు ఎస్తేరు ఉంది, వెనక సిగ్గుపడుతూ ఆయన.

“ఆఖర్న సమానం అయిపోయాం అమ్మగారూ” అంది ఎస్తేరు. “రెండు బంతులు ఇచ్చారు. గీత దగ్గర నిలబడితే బుట్ట నా దగ్గరికి నడిచొచ్చినట్టుంది. రెండూ పడ్డాయి.”

నూకాలమ్మ పులుసు గిన్నె తెచ్చి పిల్లల ముందు పెట్టింది. సవతి కోసం ఇంత కష్టపడింది తనేనా అనుకుంది. పులుసు పిల్లలే తినేశారు.

ఆ తర్వాత ఎన్నేళ్లో. ఎన్ని జట్లో. ఎన్ని కప్పులో. తెల్లారేది, తాడు తీసేవాడు, పోయేవాడు. నూకాలమ్మ ఒక్కసారీ ఆ గ్రౌండులో కాలు పెట్టలేదు.

ఒకనాడు తెల్లారింది. ఆయన లేవలేదు.

ఆయన దగ్గర ఆడిన పిల్లలందరూ వచ్చారు. తల్లులైనవాళ్లు, తలలు నెరిసినవాళ్లు. వాళ్ల ఏడుపు చూసి నూకాలమ్మకి ఏడుపు ఆగి, ఒళ్లు మండింది. చచ్చిపోయాక కూడా నాకు మిగల్చరా?

పెద్దదైపోయిన ఎస్తేరు వచ్చి పక్కన కూచుంది.

“ఆ ముడి మీరు జరిపారని సార్‌కి మొదటిరోజే తెలుసు అమ్మగారూ.”

నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“కాళ్లతో కొలిస్తే తేడా తెలిసిపోయిందట. తాడు ఉండేది మీ ఇంట్లోనే కదా. సరిచెయ్యండి సార్ అన్నాం. ‘నేను ఆవిడ మెడలో మూడు ముళ్లు వేశాను. ఆవిడ నాకోసం ఒక్కటి వేసింది. నేను విప్పను’ అన్నారు. పోటీ రోజున రూలు ప్రకారం వేరే కొలిచేవారు. తక్కిన రోజులన్నీ మీ గీతే.”

“ఒక్క మాట నాతో అనలేదే” అంది నూకాలమ్మ.

“అంటే మీరు విప్పేస్తారని భయం.”

ఇప్పటికీ ఆ కాలేజీలో ఆ చోట రెండు గీతలుంటాయి. కొత్తగా చేరిన పిల్ల వెనక గీత మీంచి మూడు బంతులు వేశాకే జట్టులోకి తీసుకుంటారు. ఆ ఊళ్లో ఎవరికైనా కష్టం వస్తే, “తౌడు మాస్టారి గీత మీద నిలబడ్డావనుకో, తర్వాత తేలిక” అంటారు. ఆ గీత ఎవరిదో చాలామందికి తెలీదు. తెలియాలని కూడా కొంచెం ఉందిలెండి, అందుకే ఈ రాత.

ఆయన పోయిన మర్నాడు తెల్లారింది. మైల ఇల్లు, వాకిట్లో ముగ్గు పెట్టకూడదు. గ్రౌండుకి మైలేముందిలే అనుకుంది నూకాలమ్మ. తాడు తీసింది. పోయింది.